భార్యకు ఏ వచనం చూపించాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. పుట్టుకతో లూథరన్. రెండేళ్ల క్రితం మారుమనస్సు పొంది, నీటి బాప్తిస్మం తీసుకుని, ఒక స్వతంత్ర సహవాసంలో చేరాను. అప్పటినుంచి లోకానికి వేరుగా బతకాలని తీర్మానించుకున్నాను. ఇంట్లో టీవీ తీసేశాను. పుట్టినరోజులు, ఫంక్షన్లు మానిపించాను. నా భార్య నాలుగు కాసుల గొలుసు అమ్మి మందిర నిర్మాణానికి కానుకగా ఇచ్చాను. అప్పుడామె ఏమీ అనలేదు. తాళి మాత్రం తీయనంటోంది. వాళ్లది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. ఆమె 14వ ఏటే బాప్తిస్మం తీసుకుంది గానీ అంతా పేరుకే. వచ్చే నెల ఆమె తమ్ముడి పెళ్లి. డీజే పెడతారని వెళ్లొద్దన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఎనిమిదేళ్ల పాప పక్కింట్లో టీవీ చూసొచ్చి అబద్ధాలు చెబుతోంది. పెళ్లిలో మామగారిచ్చిన 5 లక్షలతో నా పేరున కొన్న స్థలంలో ఇల్లు కట్టాలనుకుంటే దానికీ కలిసి రావడం లేదు. ఆమెకు ఏ వచనం చూపిస్తే అర్థమవుతుంది? 'అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి' అన్న మాట నాకు వర్తిస్తుందా?

జవాబు: బ్రదర్, రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. వర్తించదు. భార్య నిజంగానే అవిశ్వాసురాలైనా, కాపురం చేయడానికి ఆమెకు ఇష్టమైతే వదిలిపెట్టకూడదని పౌలు మొదటి కొరింథీ 7:12లో రాశాడు. పైగా మీ ఆవిడ మీకంటే ఎన్నో ఏళ్ల ముందే నీళ్లలో దిగిన మనిషి. ఆమెను అవిశ్వాసుల లెక్కలో వేసే అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక చూపించాల్సిన వచనం. నగల గురించి చెప్పే మొదటి పేతురు 3:3 మీరు ఇప్పటికే చూపించి ఉంటారు. అదే అధ్యాయం మొదటి వచనం నుంచి చదవండి. భర్త వాక్యానికి లోబడకపోతే భార్య ఏం చేయాలో పేతురు అక్కడ చెబుతున్నాడు: మాట లేకుండా, నడవడికతో గెలుచుకోమన్నాడు. భార్య భర్తకు వచనం వినిపించనక్కర లేదన్నవాడు, భర్త చేతికి వచనాన్ని కర్రగా ఇస్తాడా? నగలు పెట్టుకోవడం గురించి రాసిన వరుసలోనే బట్టలు కట్టుకోవడం గురించి కూడా ఉంది. కాబట్టి అది నిషేధాల జాబితా కాదు, స్త్రీ అందం దేనిమీద నిలబడాలన్న బోధ. మీకు రాసింది ఏడో వచనం. భార్యను సన్మానించండి, లేకపోతే మీ ప్రార్థనలకు అడ్డం పడుతుందని. భార్య మాట్లాడని ఇంట్లో మీ ప్రార్థన ఎలా సాగుతోందో మీకే తెలియాలి.

మన రాష్ట్రాల్లో చాలా పెంతెకొస్తు, బ్రదరన్ సహవాసాల్లో స్త్రీలు నగలు పెట్టుకోరు. మనస్ఫూర్తిగా తీసి పక్కన పెట్టిన తల్లులంటే నాకెంతో గౌరవం. కానీ తీయడం వేరు, తీయించడం వేరు. ఆమె తాళి గుడిలో పాస్టరు గారు ప్రార్థన చేసి మీ చేతికిస్తే మీరే కట్టిందై ఉంటుంది. ఇప్పుడు దాన్ని లోకం అంటే, ఆమె చెవికి తాళి లోకమని వినబడదు, మన పెళ్లే లోకమని వినబడుతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లోకాన్ని విడిచే ఈ రెండేళ్లలో ఎవరెవరు ఏమేం వదులుకున్నారో లెక్క వేశాను. గొలుసు ఆమెది. పుట్టింటి పెళ్లి ఆమెది. టీవీ, పుట్టినరోజు పాపవి. మీ పేరున ఉన్న స్థలం మాత్రం మీ పేరునే ఉంది. ఆ 5 లక్షలను కట్నం అంటారు బ్రదర్. తెలుగు క్రైస్తవ కుటుంబాలలోకి లోకం అన్నిటికంటే దర్జాగా నడిచొచ్చిన దారి అదే (దాని పక్కనే కులం కూడా, సంబంధాలు చూసేటప్పుడు). 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అన్ని మతాలవారికీ ఒకటే. దాని ఆరో సెక్షన్ ప్రకారం కట్నం ఎవరి చేతికొచ్చినా మూడు నెలల్లో ఆ అమ్మాయికి అప్పజెప్పాలి. అప్పటిదాకా అది ఆమె సొమ్ము, మీరు కాపలాదారు మాత్రమే. ఇంటి పనికి ఆమె ఎందుకు కలిసి రావడం లేదో ఇప్పుడైనా తోస్తోందా?

ఆమె పుట్టింటివాళ్లను పేరుకే క్రైస్తవులన్నారు. 19వ శతాబ్దంలో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాదిగ కుటుంబాలకు మూడు కట్టుబాట్లుండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి పెద్దలు ఊరుకోలేదు. పని పోయింది, కడుపులు మాడాయి. అయినా నిలబడ్డారు. లోకానికి వేరుపడటమంటే అది. వేరుపడినందుకు అయ్యే ఖర్చు వాళ్లు తమ కడుపుమీద వేసుకున్నారు, ఆలి మెడలోంచి తీయలేదు.

బలిపీఠం కట్టడానికి అరౌనా అనే ఆయన తన కళ్లాన్ని ఊరికే ఇస్తానన్నా దావీదు రాజు ఒప్పుకోలేదు. వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవునికి అర్పించనన్నాడు. మీరు ఇచ్చిన కానుకకు వెల ఎవరు కట్టారు? ఆమె ఏమీ అనలేదని రాశారు. ఏమీ అనకపోవడం ఒప్పుకోవడం కాదని తరగతి గదిలో మీరు రోజూ చూస్తూనే ఉంటారు.

మందిరంవాళ్లను డబ్బు వెనక్కి అడగొద్దు. మీ జీతంలోంచి తీర్చండి. అమ్మిన రోజు చేతికొచ్చిన రూపాయలు లెక్క కాదు. పాత నగ అమ్మితే తరుగు తీసేసి ఇస్తారు, కొనేటప్పుడు మజూరీ కలుపుతారు, రెండు వైపులా నష్టమే. బాకీ 4 కాసులు, అంటే 32 గ్రాముల 916 (22 క్యారట్ల) బంగారం. నెలకు 2 గ్రాముల హాల్‌మార్క్ నాణెం చొప్పున కొంటే 16 నెలల్లో తీరుతుంది. ప్రతి బిల్లూ ఆమె పేరున రాయించండి. దాంతో ఆమె గొలుసు చేయించుకుంటుందో, పాప చదువుకు దాచుకుంటుందో, అది మీరు అడగకూడని విషయం.

స్థలం సంగతి ఇల్లు మొదలుపెట్టక ముందే తేల్చండి, కట్టాక చిక్కులు పెరుగుతాయి. మొత్తం ఆమె డబ్బుతోనే కొన్నారు గనక మొత్తం ఆమె పేరున సెటిల్‌మెంట్ దస్తావేజు (అమ్మకం కాకుండా కుటుంబంలోవాళ్లకు ఆస్తి రాసిచ్చే పత్రం) రాయండి. కొన్న దస్తావేజు, లింకు కాగితాలు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకుని, ఇద్దరు సాక్షులతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాలి. కుటుంబ సభ్యుల మధ్య కాబట్టి అమ్మకపు దస్తావేజు కంటే స్టాంపు డ్యూటీ తక్కువే పడుతుంది. ఉపాధ్యాయులు గనక మీ శాఖకు ముందుగా తెలియజేయాలేమో కనుక్కోండి. హోమ్ లోన్ తీసుకునేట్టయితే స్థలం ఆమె పేరున ఉంటుందని బ్యాంకువాళ్లకు మొదట్లోనే చెప్పండి.

కుటుంబ ప్రార్థనలో, ఆమె పక్కన కూర్చుని ఉండగా, 'ప్రభువా, ఈ ఇంట్లో ఉన్న అవిధేయతను తీసివేయి' అని గట్టిగా ప్రార్థించే అలవాటు మీకుంటే ఈ రాత్రినుంచే మానేయండి. ఆ మాటలు దేవునికి చెప్పేవి కావు, ఆమెకు వినిపించేవి. పదిహేను నిమిషాలు చాలు. పాట ఆమెను ఎంచుకోనివ్వండి, వారంలో కొన్ని రోజులు వాక్యం ఆమెనే చదవనివ్వండి. పాపకు రోజూ అరగంట టీవీ మీ ఇంట్లోనే, మీ పక్కనే కూర్చుని చూసే ఏర్పాటు చేయండి. టీవీ కంటే అబద్ధం ప్రమాదం, ఆ అబద్ధం భయంలోంచి వచ్చింది.

పెళ్లికి నలుగురూ చూసేలా కుటుంబంతో కలిసి వెళ్లండి. కానా పెళ్లికి ప్రభువు పిలిస్తే వెళ్లాడు. డీజే దగ్గర మీకు ఇబ్బందైతే బావమరిదికి ముందే ఫోన్ చేసి, 'రిసెప్షన్‌లో భోజనాల దగ్గర నేనుంటాను, వడ్డన నాకు వదిలెయ్' అని చెప్పండి. అక్క మొగుడు వడ్డనకు నిలబడితే ఆ ఇంట్లో మీ విశ్వాసానికి ఎంత మర్యాద పెరుగుతుందో చూడండి. హిందూ స్నేహితుల గృహప్రవేశాలకూ ఇదే పద్ధతి. పిలిస్తే వెళ్లి, పెట్టింది అడగకుండా తినమని మొదటి కొరింథీ 10:27లో ఉంది. ఇది దేవుడికి పెట్టిన ప్రసాదమని ఎవరైనా చెబితే నమస్కారం పెట్టి వద్దనండి, చాలు.

ఇవన్నీ చేశాక కూడా ఆమె వెంటనే నవ్వుతూ మాట్లాడుతుందని అనుకోవద్దు. రెండేళ్లు పట్టిన గాయం. తాళి మాట మీ నోట మళ్లీ రాకూడదు. సహవాసంలో ఎవరైనా ఆమె మెడ గురించి అడిగితే, 'అది ఆమెకూ ప్రభువుకూ మధ్య విషయం' అని మీరే జవాబివ్వండి. మళ్లీ అడిగితే పెద్దలతో మీరే మాట్లాడండి, ఆమెను వాళ్ల ముందు నిలబెట్టకండి.