స్కోప్‌లో 1.8, చిప్ దగ్గర 3.6!

రేణిగుంట దగ్గర ఓ చిన్న టెస్ట్ ల్యాబ్‌లో పనిచేసే పాఠకుడి ఉత్తరం: ‘‘హైస్పీడ్ ఆర్బిట్రరీ వేవ్‌ఫామ్ జనరేటర్ (కోరిన ఆకారంలో వోల్టేజీ సిగ్నల్ పుట్టించే మెషీన్) కొన్నాం. సున్నా నుంచి 1.8 వోల్టుల పల్స్ పెట్టి స్కోప్‌లో (సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిలోస్కోప్‌లో) చూస్తే సరిగ్గా అంతే ఉంది. చిప్‌కి తగిలిస్తే ఇన్‌పుట్ పిన్ పోతోంది. ఇప్పటికి ఆరు పోయాయి. మెషీన్‌లో లోపమా?’’

మెషీన్ భేషుగ్గా ఉందండీ. ఈ ప్రశ్న నాకు రావడం ఇది నాలుగోసారి.

మీ స్కోప్ ఇన్‌పుట్ 50 ఓంలలో ఉండుంటుంది. జనరేటర్ లోపలా 50 ఓంలే. అవతలా అంతే ఉంటుందన్న నమ్మకంతో అది 3.6 వోల్టులు పుట్టిస్తుంది. సగం లోపలే పోతుంది, సగం మీకు అందుతుంది. మీ చిప్ ఇన్‌పుట్‌లో ఉండే సీమాస్ గేటు కరెంటు దాదాపు లాగదు కాబట్టి మొత్తం 3.6 చిప్ నెత్తిన పడుతోంది. మెనూలో లోడ్‌ను (అవతల ఏముందో జనరేటర్‌కి చెప్పే సెట్టింగును) హై-జెడ్‌కి, అంటే ‘అవతల కరెంటు లాగేదేమీ లేదు’ అనేదానికి మార్చండి. పల్స్ అంచులు మరీ వేగమైతే సాకెట్ పక్కనే 50 ఓం టెర్మినేటర్ (కేబుల్ చివర పెట్టే రెసిస్టర్) పెట్టి మెనూ జోలికి పోకండి. రెండూ చేశారో, 0.9 వోల్టులే వస్తాయి. అప్పుడు సిగ్నల్ రావట్లేదని ఇంకో ఉత్తరం!

తప్పంతా మీదే అననులెండి. డబ్బా మీద శాంపిళ్ల వేగాన్ని బండ అక్షరాల్లో అచ్చేసేవాళ్లు, ఈ ఒక్క సెట్టింగును మెనూల అడుగున దాచేస్తారు. పైగా రీసెట్ కొడితే చాలా జనరేటర్లు చడీచప్పుడు లేకుండా మళ్లీ 50కే పోతాయి.

నన్ను భయపెట్టింది మీ చివరి వాక్యం: ‘‘ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెస్తాం, మెషీన్ ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉంది.’’ అలిపిరిలో చేతిసంచి కూడా స్కానర్‌లోంచి పోవాల్సిందే. ఎవరి జేబులోంచో వచ్చిన పెన్‌డ్రైవ్‌కి మీ ల్యాబ్‌లో నేరుగా దర్శనమా? ఇలాంటి ఖరీదైన జనరేటర్లలో చాలావాటి లోపల ఉండేది మామూలు విండోసే. విండోస్ 7కి 2020 జనవరిలో, 10కి 2025 అక్టోబరులో మామూలు మద్దతు ఆగిపోయింది. ‘పనిచేస్తున్నదాన్ని కదపొద్దు’ అని అప్‌డేట్లు వేసేవాళ్లే ఉండరు. 2018 ఆగస్టులో తైవాన్‌లోని చిప్‌ల తయారీ సంస్థ టీఎస్‌ఎంసీలో కొత్త టూల్‌ను వైరస్ స్కాన్ చేయకుండానే నెట్‌వర్క్‌కి కలిపారు. వన్నాక్రై రకం వైరస్ పాకి చిప్‌ల తయారీయే ఆగింది. దాన్ని అడ్డుకునే ప్యాచ్ (అప్‌డేట్) వచ్చి అప్పటికి ఏడాది దాటింది!

అసలు వైరసే అక్కర్లేదు. ఈ జనరేటర్లు నెట్‌వర్క్‌లో ‘స్కిపీ’ (SCPI, టెస్ట్ మెషీన్లను నడిపే ఆదేశాల భాష) ఆదేశాలు వింటాయి. చాలావాటిలో అవి వచ్చే ద్వారం 5025 పోర్టు, పాస్‌వర్డ్ ఊసే లేదు. ఒక్క లైను పంపితే వోల్టేజీ మారిపోతుంది. పక్క బెంచీ కుర్రాడు తన స్క్రిప్టులో ఐపీ అడ్రస్ ఒక అంకె తప్పు కొడితే చాలు, మీ ఏడో చిప్ పోతుంది.

జనరేటర్‌ను, దాన్ని నడిపే ఒక్క పీసీని విడి స్విచ్ మీద పెట్టండి. పెన్‌డ్రైవ్ ముందు వేరే పీసీలో స్కాన్ కావాలి. ఔట్‌పుట్ లిమిట్ సదుపాయం ఉంటే, లోడ్ సరిచేశాకే, మీ చిప్ డేటాషీట్ ఒప్పుకొనే వోల్టేజీ దగ్గర బిగించండి. కాలిబ్రేషన్‌కి (కొలతలు సరిచూపించడానికి) బయటికి పంపేముందు వేవ్‌ఫామ్ మెమరీ చెరిపేయండి. అందులో మీ కస్టమర్ ఇంకా మార్కెట్లోకి తేని చిప్ టెస్ట్ ప్యాటర్న్‌లు ఉన్నాయి.