యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపులు ఇప్పుడు ఎలా చూడాలి?

యూజ్‌నెట్ (టాపిక్‌కో న్యూస్‌గ్రూపు పెట్టుకుని జనం మెసేజ్‌లు రాసుకునే పాత చర్చా వేదిక) కొత్త మెసేజ్‌లు గూగుల్ గ్రూప్స్‌లో కనపడట్లేదు, ఇంకెక్కడ చూడాలి అని అడిగారు కదా. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ యూజ్‌నెట్ సపోర్ట్ ఆపేసింది, అక్కడ పాతవి చదువుకోడమే, కొత్త పోస్టులు రావు, మనం పెట్టలేం కూడా.

కానీ యూజ్‌నెట్ గూగుల్‌ది కాదండీ, 1979లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ కుర్రాళ్ళు మొదలెట్టింది, దానికి ఓనరంటూ ఎవరూ లేరు, ఒక సర్వర్‌లో పెట్టిన పోస్టు చెయిన్‌లా మిగతా సర్వర్లకి పాకుతుంది, అంతే.

కాబట్టి మీకు కావల్సింది ఒక సర్వర్, ఒక న్యూస్‌రీడర్ (ఆ పోస్టులు చదవడానికి, రాయడానికి వాడే సాఫ్ట్‌వేర్). ఎటర్నల్ సెప్టెంబర్ అనే సర్వర్ ఫ్రీ, టెక్స్ట్ గ్రూపులు మాత్రమే ఉంటాయి, రిజిస్టర్ అయితే లాగిన్ ఇస్తారు. తర్వాత థండర్‌బర్డ్‌లో (న్యూస్‌రీడర్‌గా కూడా పనికొచ్చే మెయిల్ సాఫ్ట్‌వేర్) న్యూస్‌గ్రూప్ అకౌంట్ యాడ్ చేసి, సర్వర్ పేరు ఇచ్చి, సెట్టింగ్స్‌లో ఎస్సెస్సెల్ (కనెక్షన్‌ని భద్రంగా ఉంచే ఆప్షన్) పెట్టి పోర్టు 563 ఉందో లేదో చూస్కోండి. అకౌంట్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి సబ్‌స్క్రైబ్ అంటే గ్రూపుల లిస్టు దిగుతుంది, చాంతాడంత ఉంటుంది, పైన సెర్చ్‌లో పేరు కొట్టి వెతుక్కోడం నయం.

మీ అసలు మెయిల్ ఐడీ మాత్రం పోస్టుల్లో పెట్టకండి, స్పామ్ తినేస్తుంది. తెలుగు కోసమైతే సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపు ఉండేది, 90ల్లో అమెరికాలో మన స్టూడెంట్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసి తెగ వాదించుకున్నారక్కడ, ఆ పాత గొడవలు చదవాలంటే మళ్ళీ గూగుల్ గ్రూప్సే దిక్కు.