బొమ్మ దాచుకున్నారు సరే, చీటీ ఏది?

పోయిన నెల ఎవరో అడిగితే, నచ్చిన బొమ్మలు దాచుకునే పింటరెస్ట్ అనే యాప్ గురించి నాలుగు ముక్కలు రాసి వదిలేశాను. మీరు వదిలేలా లేరు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. అందుకే ఈ నెల వంటలూ మొక్కలూ పక్కన పెట్టి దీని సంగతే చూద్దాం.

*

ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేయించి ఇస్తాను. ఫోన్లో నాలుగు వేల పైచిలుకు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. కస్టమరు వచ్చి "మొన్న చూపించారే, ఆ నెమలి మెడ" అంటే వెతకడానికి అరగంట. ఈలోపు ఆవిడ లేచి వెళ్ళిపోతోంది. పింటరెస్ట్ పెట్టుకోమని మా అబ్బాయి అంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక టైలరమ్మ, నరసరావుపేట

ముందు ఆ నాలుగు వేల జోలికి వెళ్ళకండి. వాటిని సర్దాకే మొదలుపెడతానంటే వచ్చే శ్రావణమాసం దాకా అక్కడే ఉంటారు. రేపు వచ్చే ఆర్డరుతో మొదలుపెట్టండి. పాతవాటిలో నిజంగా అవసరమైనవి అవే ఒక్కొక్కటిగా గుర్తొస్తాయి. గుర్తురానివాటితో మీకు పనిలేదు.

పింటరెస్ట్ అంటే ఏమీ లేదు, స్కూల్లో నోటీసు బోర్డు చూశారుగా, అదే. ఒక్కో బొమ్మ ఒక పిన్. పిన్నులు గుచ్చుకునే పలక బోర్డు. బోర్డు లోపల మళ్ళీ అరలు చేసుకోవచ్చు, వాటిని సెక్షన్లంటారు. స్క్రీన్‌షాట్‌కీ దీనికీ తేడా ఎక్కడంటే, పిన్‌ని నొక్కితే చాలాసార్లు ఆ బొమ్మ పుట్టిన పేజీకి తీసుకెళ్తుంది. స్క్రీన్‌షాట్ తల్లీతండ్రీ లేని బిడ్డ.

ఈమెయిలుతో ఖాతా తెరిచాక కింద కూడిక గుర్తు కనిపిస్తుంది. అది నొక్కి బోర్డు అని ఎంచుకుని పేరు పెట్టాలి. నచ్చిన బొమ్మ దగ్గర ఎర్రటి సేవ్ బటన్ ఉంటుంది, నొక్కి ఏ బోర్డులోకో చెప్పాలి. వేరే చోట, అంటే ఏదైనా వెబ్‌సైట్‌లో, కనిపిస్తే షేర్ నొక్కి పింటరెస్ట్‌ని ఎంచుకుంటే సరి. ఇదంతా మీ అబ్బాయి ఐదు నిమిషాల్లో చూపిస్తాడు. పేర్లు పెట్టడం మాత్రం వాడికి వదలకండి. అది మీ పని.

"బ్లౌజులు" అని ఒక బోర్డు పెడితే ఆరు నెలల్లో అదీ మీ గ్యాలరీలాగే అయిపోతుంది. మీ గుమ్మంలోకి వచ్చిన మనిషి ఏ మాట అంటుందో ఆ మాటే బోర్డుకి పేరు. ఆవిడ "వెనక మెడ ఏం పెడదాం?" అంటుంది. "చేతులకి ఏమన్నా కొత్తగా చూపించండి" అంటుంది. "పెళ్ళికూతురిది, ఖర్చుకి వెనకాడం" అంటుంది. కాబట్టి వెనక మెడలు, చేతులు, పెళ్ళికూతురి మగ్గం, పిల్లల లంగా జాకెట్లు, ఇలా. వెనక మెడల్లో మళ్ళీ పాట్ నెక్, బోట్ నెక్, డోరీలవి అని సెక్షన్లు. మొదట్లో నాలుగు బోర్డులు చాలు. పదిహేను పెడితే ఏ బొమ్మ ఎందులో వేయాలో తేలక మళ్ళీ స్క్రీన్‌షాటే తీస్తారు.

ఇప్పుడు అసలు విషయం. దీనికి నా వంటగది కథ చెప్పాలి.

ఏడేళ్ళ కిందట ఇల్లు కట్టించుకునేటప్పుడు వంటగది కోసమే ఆరొందల పైన బొమ్మలు దాచాను. రాత్రి పన్నెండు దాకా అదే పని. మేస్త్రి వచ్చిన రోజు గర్వంగా ఫోన్ చేతికిచ్చాను. ఆయన రెండు బొమ్మలు జరిపి, "గట్టు ఎత్తెంతమ్మా?" అన్నాడు. ఆరొందల బొమ్మల్లో ఒక్కదాని కిందా నేను ఎత్తు రాసుకోలేదు. ఏ బొమ్మ ఎందుకు దాచానో, రాయి చూసా, అలమర చూసా, అదీ రాసుకోలేదు. నీళ్ళు నమిలి "మామూలుగానే" అన్నాను. ఆయనకి మామూలు అంటే 36 అంగుళాలు. నా ఎత్తు ఐదడుగులు. ఈ పొద్దున కూడా పీట ఎక్కే దోసెలు పోశాను.

ఈ పింటరెస్ట్‌ని 2010లో మొదలుపెట్టిన ముగ్గురిలో బెన్ సిల్బర్‌మన్ అనే ఆయన ఉన్నాడు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో పెరిగినవాడు. చిన్నప్పుడు పురుగుల్ని పోగుచేసి గుండుసూదులతో అట్టకి గుచ్చేవాడినని ఆయనే చెప్పుకున్నాడు. పురుగుల్ని అలా దాచే శాస్త్రజ్ఞులకి ఒక పద్ధతుంది. పురుగు కింద అదే సూదికి చిన్న చీటీ కూడా గుచ్చుతారు, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎవరు పట్టారు అని. చీటీ లేకపోతే ఎంత అందమైన సీతాకోకచిలుకైనా వాళ్ళకి పెద్దగా పనికిరాదు.

మీ బొమ్మలకీ అంతే. సేవ్ చేసిన పిన్‌ని ఎడిట్ చేయబోతే నోట్ రాసుకునే చోటు కనిపిస్తుంది. అక్కడ ఒక్క లైను. "చేతి అంచు కట్‌వర్క్ మాత్రమే, మెడ కాదు." "జర్దోసీ, కనీసం నాలుగు రోజులు." "లావుగా ఉన్నవాళ్ళకి నప్పదు." తెలుగులోనే రాయండి. బొమ్మ దాచిన నిమిషంలోనే రాయాలి సుమా, సాయంత్రం రాద్దామంటే అప్పటికి ఎందుకు నచ్చిందో మరిచిపోతారు. నా అనుభవం.

ఒక జాగ్రత్త కూడా. ఈమధ్య ఎవరూ కుట్టని, కంప్యూటరే (ఏఐ) ఊహించి గీసిన బ్లౌజు బొమ్మలు ఎక్కువయ్యాయి. కొన్నింటి కింద ఏఐ అని రాస్తున్నారు, అన్నింటికీ రాదు. కుట్టేవాళ్ళు మీరు, మీ కన్నే నయం. బొమ్మని పెద్దది చేసి చూడండి. ముందు పట్టీ ఉండదు, వెనక హుక్కులుండవు, జిప్పూ ఉండదు. ఆ పిల్ల దాంట్లోకి ఎలా దూరిందో దేవుడికే తెలియాలి. నెమలి తోక సగంలో లతయిపోతుంది. అది చూపించి అడ్వాన్సు తీసుకున్నారంటే ఇరుక్కునేది మీరే.

ఇక, వేరేవాళ్ళు కుట్టింది కస్టమరుకి చూపించి "ఇలాంటిది కుట్టనా?" అనడంలో తప్పులేదు. దాన్నే తెచ్చి మీ షాపు పేరేసుకుని పెట్టుకోవడం తప్పు. మీరు కుట్టినవాటిని కిటికీ దగ్గర వెలుతురులో ఫొటో తీసి "మా చేతిపని" అని వేరే బోర్డు పెట్టండి. అది అందరికీ కనబడనివ్వండి.

*

రిటైరైన టీచర్ని. ధనుర్మాసం నెల్లాళ్ళూ రోజుకో ముగ్గు వేస్తాను. మా అమ్మగారి ముగ్గుల పుస్తకం నా దగ్గరే ఉంది, కాగితాలు పొడిపొడి అయిపోతున్నాయి. దాన్ని కూడా బోర్డులో పెట్టుకోవచ్చా? నెట్‌లో చూసిన ముగ్గులు వేయబోతే సగంలో తప్పుతున్నాయి, ఎందుకు?
— ఒక అమ్మమ్మ, తణుకు

నమస్కారమండీ. మీ ఉత్తరం చూసి మా అమ్మ పుస్తకం తీసి చూసుకున్నాను. వారపత్రికల్లో వచ్చిన ముగ్గులు కత్తిరించి అన్నం మెతుకులతో అంటించేది. ఆ మెతుకుల కోసం చీమలు వచ్చి సంక్రాంతి రథం ఒకటి సగం తినేశాయి.

తప్పకుండా పెట్టుకోవచ్చు. పేజీని పగటి వెలుతురులో, పైనుంచి నిటారుగా, నీడ పడకుండా ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు, పెన్సిలు గీత తేలిపోతుంది. కూడిక గుర్తు నొక్కి పిన్ అని ఎంచుకుంటే మీ ఫొటో ఎక్కించుకోవచ్చు. అసలు పుస్తకాన్ని మాత్రం పారేయకండి. బోర్డుని పుస్తకానికి నకలు అనుకోండి, అంతే.

ముగ్గు తప్పడానికి కారణం మీ చెయ్యి కాదు. ఆ ఫొటోల్లో చాలావాటికి చుక్కల లెక్క ఉండదు. వేశాక రంగులద్ది, పైన పూలు పెట్టి తీస్తారాయె, చుక్కలు వాటి కింద కప్పడిపోతాయి. మీకు నేను చెప్పాలా, 15 చుక్కలు అంటే సరిపోదు కదా. సందు చుక్కయితే, అంటే రెండు చుక్కల సందులో చుక్క పెడితే, 15 నుంచి ఒక్కోటి తగ్గుతూ 8 దాకా వస్తుంది. ఎదురు చుక్కయితే, అంటే చుక్కకి ఎదురుగా చుక్క పెడితే, రెండేసి తగ్గి 1కి వస్తుంది. రెండూ 15తోనే మొదలు, ముగ్గులు మాత్రం వేరు. కాబట్టి దాచేటప్పుడే ఒకసారి కాగితం మీద వేసి చూసి, కుదిరాక "15 నుంచి 8, సందు" అని నోట్‌లో రాయండి. కుదరనిది తీసిపారేయండి. సెక్షన్లు కూడా పువ్వులు, చిలకలు అని కాకుండా చుక్కల్ని బట్టి పెట్టుకుంటే మేలు. తెల్లవారుజామున వాకిట్లో నిలబడ్డప్పుడు మీకు తెలిసేది వాకిలి ఎంతుందో, అందులో ఎన్ని చుక్కలు పడతాయో. చిలకా పువ్వా అన్నది తర్వాతి సంగతి.

వెతికేటప్పుడు ఒకటే మాటతో ఆగకండి. రంగోలీ అంటే రంగులు నింపినవి ఎక్కువ వస్తాయి. కోలం అని కొడితే తమిళనాడువి, మెలికలు తిరిగినవి వస్తాయి. ముగ్గు అని తెలుగులోనూ కొట్టండి, ఇంగ్లీషు అక్షరాల్లోనూ కొట్టండి.

*

మా రెండో అమ్మాయి పెళ్ళి మాఘమాసంలో. పెద్దమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో మండపాలు, దండలు, చీరలు అన్నీ కలిసిపోయి ఏది ఖాయమైందో తెలియడం లేదు. పింటరెస్ట్‌లో అందరం కలిసి చూసుకోవచ్చా? బయటివాళ్ళకి కనబడుతుందేమోనని మావారి భయం.
— ఒక తల్లి, ఖమ్మం

మీవారి భయం తీర్చేద్దాం ముందు. బోర్డు చేసేటప్పుడే సీక్రెట్ అని ఒక బటన్ ఉంటుంది. అది పెడితే మీరూ, మీరు పిలిచినవాళ్ళూ తప్ప ఇంకెవరూ చూడలేరు. బోర్డు తెరిచి పెద్దమ్మాయిని చేర్చుకోండి. తనూ పిన్నులు గుచ్చవచ్చు, కింద మాట రాయవచ్చు. మీరు ఇక్కడ పొద్దున్నే కాఫీ తాగే వేళకి అక్కడ ముందురోజు సాయంత్రం. ఒకరు పెట్టింది ఒకరు తీరిగ్గా చూసుకోవచ్చు, ఫోన్ కోసం కాచుకోనక్కర్లేదు.

రెండు బోర్డులు చేయండి. ఒకటి "చూద్దాం", ఇంకోటి "ఖాయం". చూద్దాంలో ఎవరైనా ఏదైనా వేసుకోవచ్చు. ఖాయంలోకి జరిపే అధికారం ఒక్కరికే, అది పెళ్ళికూతురికివ్వండి. ఖాయంలో మండపానికి ఒకటే బొమ్మ ఉండాలి. రెండున్నాయంటే ఇంకా తేలలేదన్నమాట. డెకరేషన్ వాళ్ళకి చూపించేది అదొక్కటే, కింద నోట్‌లో "బంతిపూలు, థర్మాకోల్ వద్దు" అని రాసి మరీ చూపించండి. వాళ్ళు బొమ్మ చూసి సరేనంటారు, పూలు మాత్రం వాళ్ళకి దొరికినవే కడతారు.

వియ్యాలవారిని కూడా బోర్డులో చేర్చాలా అని రెండో పేజీలో అడిగారు. చేర్చకండి. ఖాయమైనవి ఫోన్లో చూపించండి, చాలు.

*

ఒకేఒక్కసారి మా పాప డాన్సు ప్రోగ్రాం కోసం పూలజడలు వెతికాను. ఇప్పుడు తెరిస్తే చాలు, జడలే జడలు. ఎలా వదిలించుకోవాలి?
— విజయనగరం

బజార్లో ఒకసారి ఆగి గాజులు చూస్తే ఆ కొట్టతను నెల్లాళ్ళు పిలుస్తాడు చూడండి, ఇదీ అంతే. మీరు దేని మీద ఆగారో దాన్నే తెచ్చి ముందు పోస్తుంది. ఒక జడ మీద వేలు నొక్కిపట్టి, దాచేయమన్న గుర్తు ఎంచుకోండి. నాలుగైదుసార్లు చేస్తే సద్దుమణుగుతుంది. ఆ జడల బోర్డు ఉంటే, ప్రోగ్రాం అయిపోయింది కనుక, ఆర్కైవ్ చేసేయండి. మళ్ళీ ఏడు కావాలంటే తీసుకోవచ్చు. మధ్యమధ్య ప్రకటనలు కూడా పిన్నుల్లాగే కనిపిస్తాయి, కింద చిన్న అక్షరాల్లో స్పాన్సర్డ్ అని ఉంటుంది, చూసుకోండి.

*

ఫోన్ పోతే బోర్డులన్నీ పోతాయా? వంటలు కూడా అందులోనే దాస్తున్నాను.
— హైదరాబాద్ నుంచి ఒక బ్యాచిలర్

ఫోన్ పోయినా బోర్డులు పోవు నాయనా. అవి నీ ఖాతాలో ఉంటాయి, కొత్త ఫోన్లో అదే ఈమెయిలుతో తెరుచుకో. పాస్‌వర్డ్ మాత్రం ఎక్కడైనా రాసిపెట్టుకో.

వంటల దగ్గరే చిక్కు. పిన్‌లో నీ దగ్గర ఉండేది బొమ్మే. కొలతలు ఆ వెబ్‌సైట్‌లో ఉంటాయి. వాళ్ళు పేజీ తీసేస్తే నీకు మిగిలేది గిన్నెలో పులుసు ఫొటో. నాకు ఒక పండుమిరప పచ్చడి అలాగే పోయింది. ఎర్రగా నిగనిగలాడుతూ ఇప్పటికీ బోర్డులో ఉంది, చింతపండు ఎంతో తెలియదు. వండి చూసి బాగుందనుకున్న రోజే కొలతలు నోట్‌లో ఎక్కించు.

ఆవకాయ కొలతలు మాత్రం నేనింకా గోడ క్యాలెండరు వెనకే రాసుకుంటాను. ఏటా ఉగాదికి కొత్త క్యాలెండరు రాగానే కూర్చుని ఎక్కించుకోవాలి. పోయినేడు ఉప్పు ఎక్కించడం మరిచిపోయాను.