ఎకరం అమ్మి బీటెక్ బయోటెక్నాలజీ చదివించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో సీటు రాలేదు. క్యాన్సర్ కణాలకు తిండి అందకుండా చేసే మందుల మీద పరిశోధన చేస్తానంటోంది. ఎకరం అమ్మి ప్రైవేటు కాలేజీలో బీటెక్ బయోటెక్నాలజీలో చేర్చాలా, బీఎస్సీలో వేయాలా? పరిశోధన అంటూ పెళ్లి వయసు దాటిపోతుందని ఇంట్లో టెన్షన్.

జవాబు: భూమి ముట్టుకోకండి. బీఎస్సీలో చేర్చండి, కెమిస్ట్రీ తప్పకుండా ఉండేలా చూడండి.

మీ అమ్మాయి చెప్పేది గాలిమాట కాదు. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ పనిచేసేది ఆ లక్షణం మీదే. కణాలు పెరగడానికి కావాల్సిన ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ మందును మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేస్తే, దానితో లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో అమెరికా డాక్టర్ ఫార్బర్ ప్రకటించారు. కణం తిండిని వాడుకోవడంలో పనిచేసే ఐడీహెచ్1 అనే ఎంజైమ్ మారిపోయిన ఒక రకం లుకేమియాకు ఐవోసిడెనిబ్ అనే మందును 2018లో అమెరికా అనుమతించింది.

అయితే ఇది నిదానంగా నడిచే రంగం. క్యాన్సర్‌తో పోరాడే మన టీ కణాలకూ (రోగనిరోధక కణాలు) గ్లూకోజ్ కావాలి. ఒకదాన్ని మాడ్చబోతే రెండోదీ దెబ్బతింటుంది. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు, షుగర్ లేని రొమ్ము క్యాన్సర్ రోగుల మీద జరిపిన పెద్ద పరీక్షలో అది ఫలితం చూపలేదు. ఇలాంటివి తట్టుకునే ఓపిక బిడ్డకు ఉందా అన్నది ఆమెతోనే మాట్లాడండి.

బీటెక్ బయోటెక్ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. అన్ని కాలేజీలూ ఒకటే అనను. కానీ చాలాచోట్ల బ్రోచర్లో ఉన్న ల్యాబ్ కాలేజీలో ఉండదు. లక్షలు పోసి చదివిన పిల్లలు చివరికి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో తేలడం ఏటా చూస్తున్నాను. బీఎస్సీ తర్వాత హైదరాబాద్ యూనివర్సిటీ లాంటి చోట ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు పరీక్ష పెట్టి ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు వస్తాయి. పీహెచ్‌డీ మీకు భారం కాదు. పరిశోధన వద్దనుకున్నా ఎమ్మెస్సీతో ఫార్మా కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో ఉద్యోగాలున్నాయి. బిడ్డ రోడ్డున పడదు, ధైర్యంగా ఉండండి.

ఒక మాట కటువుగానే చెబుతాను. భూమి గురించి రాశారు, పెళ్లి గురించి రాశారు. ఈ రెండు కోర్సుల్లో ఆమెకు ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా? పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్ల ముందు ఇప్పుడే ఆ లెక్క పెట్టకండి.

కాలేజీ ఏదైనా ఫీజు కట్టే ముందు ఆమెను తీసుకెళ్లి ల్యాబ్ చూపించమనండి. చూపించకపోతే ఇంకో కాలేజీ వెతకండి.