జవాబు: కొత్త హోండా సిటీ కారు కోసం ఆగాలా, ఇప్పుడే కొనాలా?

మాస్టారూ, విజయనగరంలో రోజువారీ తిరుగుడు, నెలకోసారి ఐదుగురితో సాలూరు ఘాట్ మీదుగా కొరాపుట్, స్పీడు బ్రేకర్లకి బండి అడుగు తగులుతుందన్న భయం అన్నారు. ఈ వాడకానికి కొత్త మోడల్ కంటే గేర్‌బాక్సే ముఖ్యం.

హ్యుందాయ్ వెర్నా టర్బో, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5లలో ఆటోమేటిక్ అంటే డ్రై డ్యూయల్ క్లచ్, అంటే నూనెలో మునగని రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్. ఘాట్‌లో లారీ వెనక అంగుళం అంగుళం పాకిస్తే క్లచ్ సగం పట్టుకునే ఉండి వేడెక్కుతుంది. ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేక్ తొక్కండి. ముందు ఖాళీ వచ్చాకే కదలండి. ఈ బెడద వద్దనుకుంటే సిటీ సీవీటీ (మెట్లు లేని బెల్టు గేర్‌బాక్స్), లేదా టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనెతో శక్తి అందించే ఆటోమేటిక్) ఉన్న స్కోడా స్లావియా 1.0. సీవీటీ ఎక్కుడులో అరుస్తుంది, అంతే.

నేల నుంచి బండి అడుగు ఎత్తు: స్లావియా, వర్టస్‌లకు ఖాళీగా 179 మి.మీ. మనుషులు, సామాను నిండా ఎక్కితే మూడు సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. అందుకే టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లి మీ వీధి బ్రేకరే ఎక్కించండి. డిక్కీ వెర్నాది 528 లీటర్లు, సిటీది 506, తేడా పట్టించుకోనక్కర్లేదు.

డీజిల్ మాత్రం వీటిలో దేనికీ లేదు.

సిటీ ఈ తరం 2020లో వచ్చింది. ఆగగలిగితే ఆగండి గానీ, కొత్తది వచ్చిన తొలి నెలల్లో తగ్గింపు అడగలేరు. ఇప్పుడే కొంటే రిజిస్ట్రేషన్‌కి ముందే, బండి తయారైన నెల చూడండి, ఆర్‌సీలో పడేది అదే.