డీసీసీ మోడల్ రైలుకి పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ వాడొచ్చా?

డీసీసీ అంటే పట్టాల ద్వారానే ఒక్కో ఇంజన్‌కి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి. అనంతపురం నుంచి అడిగారు: హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు సైజు), మూడు ఇంజన్లు, 3 ఆంప్స్ బూస్టర్ (పట్టాలకు కరెంటు, ఆదేశాలు అందించే పెట్టె), ఇంట్లో 19 వోల్టుల పాత అడాప్టర్ ఉంది, సరిపోతుందా అని.

ముందు బూస్టర్ మాన్యువల్ చూడండి. చాలా బూస్టర్లు తమకొచ్చిన వోల్టేజీని కాస్త తగ్గించి పట్టాల మీదికి వదిలేస్తాయి. అంటే 19 ఇస్తే పట్టాల మీద దాదాపు అంతే ఉంటుంది. హెచ్‌ఓకి 14–16 చాలు. ఎక్కువైతే డీకోడర్ (ఇంజన్‌లో ఆదేశాలు అందుకునే చిన్న సర్క్యూట్) వేడెక్కుతుంది, అది కాలితే ఖర్చు అడాప్టర్ కంటే ఎక్కువ. మీ బూస్టర్‌లో వోల్టేజీ సర్దుబాటు లేకపోతే 15 వోల్టుల రెగ్యులేటెడ్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే) డీసీ అడాప్టర్ కొనండి. పాత డీసీ రైలు కంట్రోలర్‌ని మాత్రం దీనికి కలపకండి.

ఇక ఆంప్స్. ఇంజన్‌కి సుమారు అర ఆంప్, సౌండ్ ఉంటే ఇంకొంచెం వేసుకోండి. కానీ అసలు లెక్క ఇంజన్లది కాదు, బూస్టర్‌ది. 3 ఆంప్స్ బూస్టర్‌కి 2 ఆంప్స్ అడాప్టర్ పెడితే, షార్ట్ అయినప్పుడు బూస్టర్ ట్రిప్ కాకముందే (తనంతట తాను ఆగిపోకముందే) అడాప్టర్ చతికిలబడుతుంది. 4 ఆంప్స్ తీసుకోండి. అంతకంటే పెద్దది పెట్టినా నష్టం లేదు, బూస్టర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది.

మన దగ్గర ఎండాకాలంలో కరెంటు హెచ్చుతగ్గులు తెలిసినవే. ఇన్‌పుట్ 100–240 అని రాసి ఉన్నదే ఎంచుకోండి, గాలి ఆడే చోట పెట్టండి.

వైరింగ్ అయ్యాక రెండు పట్టాల మీద ఒక రూపాయి బిళ్ళ అడ్డం పెట్టండి. బూస్టర్ వెంటనే ఆగిపోవాలి. లేఅవుట్‌లో అన్ని మూలలా ఇలాగే చూడండి. ఎక్కడ ఆగకపోతే అక్కడ ఫీడర్ వైరు (బూస్టర్ నుంచి పట్టాలకు కరెంటు తెచ్చేది) సన్నగా ఉండి ఉండొచ్చు.