మన శ్రీసభ గురించి రాయాల్సి వచ్చినప్పుడు

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఒక గురువు (చర్చి ఫాదర్) మీద ఫిర్యాదు కాగితాలు చేతికొచ్చాయి, పత్రికలో రాస్తే శ్రీసభ, అంటే మన కాథలిక్ చర్చి, పరువు పోతుందేమోనని టెన్షన్‌గా ఉందన్నావు. రాయి. రాయాలా వద్దా అని నాకు అనుమానమే లేదు. ఎలా రాయాలన్నదే విశ్వాసికి కష్టం.

2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక, కోర్టులో మూతబడి ఉన్న కాగితాలను తెరిపించి మరీ రాసింది. పిల్లలపై లైంగిక దాడుల ఆరోపణలు తెలిసి కూడా ఒక గురువును చర్చి నుంచి చర్చికి మారుస్తూ వచ్చారని అందులో బయటపడింది. ఆ డిసెంబరులో బోస్టన్ ఆర్చిబిషప్ కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. నిజానికి అమెరికాలోనే నేషనల్ కాథలిక్ రిపోర్టర్ 1985లోనే ఇలాంటి సంగతులు అచ్చువేసింది. పత్రిక నడిపింది కాథలిక్కులే! అప్పుడే పెద్దలు చెవినబెట్టి ఉంటే ఎంతమంది పిల్లలు బతికిపోయేవారో. 2021లో పోప్ ఫ్రాన్సిస్ విలేకరులను పిలిచి, శ్రీసభలో జరిగిన తప్పులు చెప్పినందుకు, బాధితులకు గొంతునిచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పారు.

అయితే అబద్ధ సాక్ష్యం చెప్పొద్దనే ఎనిమిదో ఆజ్ఞ మనల్నీ వదలదు. సరైన కారణం లేకుండా ఒకరి తప్పును తెలియనివాళ్ల ముందు పెట్టడం, ఆ తప్పు నిజమే అయినా, పాపమేనని శ్రీసభ బోధల గ్రంథమైన సత్యోపదేశం 2477వ పేరా చెబుతోంది. ఆ గురువు తాగుతాడని ఎవరో చెప్పారన్నావు. పిల్లల భద్రతకూ దానికీ సంబంధం లేకపోతే కొట్టెయ్.

ఇంకో సంగతి జాగ్రత్త. పాపసంకీర్తనంలో, అంటే విశ్వాసి తన పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది గురువు బయట పెట్టకూడదు. అవునని గానీ కాదని గానీ చెప్పలేడు. కాబట్టి అక్కడేం విన్నారని అడిగి, ‘నోరు విప్పలేదు’ అని రాయకు, చదివేవాళ్లు తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంటారు. బదిలీ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది, ఫిర్యాదు అందిన తేదీ ఏది, పోలీసులకు చెప్పారా? వీటిని మాత్రం వదలకుండా అడుగు. బిషప్‌గారి ఆఫీసుకు ప్రశ్నలు రాసి పంపు, గడువివ్వు. డ్రాఫ్ట్ చూపించమంటే చూపించకు.

మనవాళ్లే నిన్ను దూరం పెడతారని భయపడుతున్నావు. 1942 జనవరిలో డచ్ గురువు టైటస్ బ్రాండ్స్మా, తనూ విలేకరే, నాజీల ప్రకటనలు వేయొద్దని కాథలిక్ ఎడిటర్ల దగ్గరికి స్వయంగా తిరిగి చెప్పారు. ఆ నెలలోనే అరెస్టయ్యారు, జులైలో నాజీల డాకావ్ నిర్బంధ శిబిరంలో ఆయన్ని చంపేశారు. 2022లో శ్రీసభ ఆయన్ని పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించింది. మాట పడాల్సి వచ్చినప్పుడు నేను తలచుకునేది ఆయన్నే.

ఫిర్యాదు చేసిన కుటుంబానికి వార్త ఏ రోజు వస్తుందో ముందే చెప్పు. పేపర్లో చూసి తెలుసుకునే గతి వాళ్లకు పట్టకూడదు. ఆ బదిలీ కాగితాల నకళ్లు నాకూ పంపు, తేదీలు కలిసి సరిచూద్దాం.

ఉంటాను,
మీ అన్న